టికెట్ టు రైడ్: రమ్మీ తెలిసిన ఇంటికి రైలు ఆట

పేకాట అలవాటున్న కుటుంబానికి కొత్త బోర్డు గేమ్ నేర్పడం సాధారణంగా తలనొప్పి వ్యవహారం. పెట్టె తెరిచి నియమాల పుస్తకం చదవడం మొదలుపెట్టగానే పెద్దవాళ్లు ఏదో ఒక పని గుర్తుకొచ్చి లేచిపోతారు, పిల్లలు ప్లాస్టిక్ బొమ్మలను తీసుకుని తమకు తోచిన ఆట ఆడుకుంటారు. అలన్ ఆర్. మూన్ రూపొందించగా డేస్ ఆఫ్ వండర్ సంస్థ 2004లో విడుదల చేసిన ‘టికెట్ టు రైడ్’ మాత్రం ఈ చిక్కును చాలావరకు తప్పిస్తుంది. విడుదలైన ఏడాదే జర్మనీ వారి ‘ష్పీల్ డెస్ యారెస్’ బహుమతి పొందిన ఆట ఇది. ఆ బహుమతి మాట అలా ఉంచి, రమ్మీలో ముక్క ఎత్తడం, ముక్క దాచుకోవడం, జోకరు కోసం ఎదురుచూడడం తెలిసిన ఎవరికైనా ఇందులో సగం ఆట ముందే తెలుసన్నది పర్లాకిమిడిలో మా ఇంటి బల్ల మీద నేను గమనించిన విషయం. ఈ సమీక్ష ముఖ్యంగా అలాంటి ఇళ్ల కోసమే. ఇందులో మొదటి ఆట అయిన అమెరికా పటాన్ని, 2005లో వచ్చిన యూరప్ పటాన్ని, 2011లో వచ్చిన భారతదేశ పటాన్ని కలిపి పరిశీలిస్తున్నాను.

ఆట స్వరూపం ఇది. బల్ల మీద ఒక దేశపటం ఉంటుంది, అందులో ఊళ్ల మధ్య రంగురంగుల గళ్లతో రైలు దారులు గీసి ఉంటాయి. ప్రతి ఆటగాడికి తన రంగులో 45 చిన్న రైలు పెట్టెలు ఇస్తారు. పేకలో మొత్తం 110 ముక్కలు. ఎనిమిది రంగులకు రంగుకు 12 చొప్పున 96, అవి కాక ఏ రంగుకైనా చెల్లే ఇంజన్ ముక్కలు 14. ఐదు ముక్కలు బల్ల మీద తెరిచి ఉంటాయి, మిగిలిన కట్ట బోర్లించి ఉంటుంది. మన వంతు వచ్చినప్పుడు మూడు పనుల్లో ఒకటే చేయాలి: రెండు ముక్కలు ఎత్తుకోవాలి, లేదా చేతిలో కూడిన ఒకే రంగు ముక్కలను దించి ఆ రంగు దారి మీద అన్ని పెట్టెలు పరచాలి, లేదా కొత్త టికెట్లు తీసుకోవాలి. తెరిచి ఉన్న ఇంజన్‌ను ఎత్తుకుంటే మాత్రం ఆ వంతుకు అదొక్కటే దక్కుతుంది, రెండో ముక్క లేదు. తెరిచిన ఐదింటిలో మూడు ఇంజన్లు పడితే ఐదింటినీ తీసేసి కొత్తవి పరుస్తారు.

ఇంతవరకు చెప్పగానే మా పిన్ని, “అంటే ఇంజనే జోకరు, రంగు కలిపితే లైఫ్, దించితే దారి, అంతేగా” అని తేల్చేసింది. నేను పది వాక్యాల్లో చెప్పబోయిన దాన్ని ఆవిడ ఒక్క వాక్యంలో ముగించింది. రమ్మీలో 13 ముక్కల పరిమితి ఉంటుంది. ఇక్కడ చేతిలో ఎన్ని ముక్కలైనా పట్టుకోవచ్చు కనుక దాచుకునే గుణం ఉన్నవారికి ఇది స్వర్గంలా కనిపిస్తుంది. కాని పటం మీద దారులు అందరివీ. ఒకరు పెట్టెలు పరిచాక ఆ దారి ఇంకెవరికీ దక్కదు. కొన్ని ఊళ్ల మధ్య జంట దారులు ఉన్నా, ఇద్దరో ముగ్గురో ఆడేటప్పుడు వాటిలో ఒకటే చెల్లుతుంది. అందువల్ల ముక్కలు దాచుకుంటూ పోయినవాడు చివరికి తన దారి ఎదుటివారి రంగుతో నిండిపోవడం చూస్తూ కూర్చోవలసి వస్తుంది. ఎంతవరకు ఆగాలి, ఎప్పుడు దించాలి అన్న ఈ ఒక్క ప్రశ్నే ఆటకు ప్రాణం, ఆట ముగిసేదాకా అది ఒక్క వంతులో కూడా వదలదు.

పాయింట్ల పట్టికను కొంచెం లెక్క చూసినవారికి ఈ ఆట రూపకర్త నేర్పు అర్థమవుతుంది. ఒక పెట్టె దారికి 1 పాయింటు, రెండింటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 7, ఐదింటికి 10, ఆరింటికి 15. ఆరు పెట్టెల దారి వేయడానికి ఆరు ముక్కలు కావాలి. రెండేసి చొప్పున ఎత్తుకుంటే మూడు వంతులు, దించడానికి మరొకటి, మొత్తం నాలుగు వంతుల్లో 15 పాయింట్లు వస్తాయి, అంటే వంతుకు దాదాపు నాలుగు. మూడు పెట్టెల దారికి ఇదే లెక్క వేస్తే వంతుకు ఒకటిన్నర పైచిలుకు మాత్రమే, రెండు పెట్టెల దారికైతే వంతుకు ఒక్కటే. ఆ లెక్కన అందరూ పొడుగు దారుల కోసమే కూర్చోవాలి. అలా కూర్చోలేకపోవడానికి కారణం టికెట్లు.

టికెట్టు మీద రెండు ఊళ్ల పేర్లు, ఒక అంకె ఉంటాయి. ఆ రెండు ఊళ్లనూ మన పెట్టెలతో ఎడతెగకుండా కలిపితే ఆట చివర ఆ అంకె మన ఖాతాలో చేరుతుంది, కలపలేకపోతే అదే అంకె కోతపడుతుంది. అమెరికా పటంలో డెన్వర్ నుంచి ఎల్ పాసోకు 4 పాయింట్ల టికెట్టు ఉంది, సియాటిల్ నుంచి న్యూయార్కుకు 22 పాయింట్ల టికెట్టు ఉంది. పెద్ద టికెట్టు పూర్తికాకుండా ఆట ముగిస్తే వచ్చే దెబ్బ, రమ్మీలో ఎదుటివాడు షో చెప్పేసరికి ఒక్క లైఫ్ కూడా లేక ఫుల్ కౌంటుతో దొరికిపోయినవాడి పరిస్థితే. ఆట ముగింపు కూడా అలాగే ఎదుటివారి చేతిలో ఉంటుంది: ఎవరి దగ్గరైనా రెండు గాని అంతకంటే తక్కువ గాని పెట్టెలు మిగిలాయంటే, ఆ ఆటగాడితో సహా అందరికీ ఒక్కొక్క వంతు దక్కి ఆట ఆగిపోతుంది. తన టికెట్లు ముందే పూర్తయినవాడు ఉన్న పెట్టెలన్నీ గబగబా పరిచేసి మిగిలినవారిని సగం దారిలో నిలబెట్టవచ్చు. చక్కని దొంగదెబ్బ ఇది. మర్యాదగా ఆడేవారు మొదట్లో ఇలా చేయడానికి సంకోచిస్తారు, తర్వాత మానుకోలేరు.

నాకు నచ్చని అంశం కూడా టికెట్లలోనే ఉంది. ఆట మధ్యలో కొత్త టికెట్లు తీసుకునేటప్పుడు మూడు ఎత్తి కనీసం ఒకటి ఉంచుకోవాలి. అప్పటికే పరిచిన దారికి అచ్చంగా సరిపోయే టికెట్టు ఒకరికి దొరుకుతుంది, పటానికి అవతలి కొసన ఉన్న ఊళ్లు మరొకరికి వస్తాయి. ఇందులో తెలివి పాత్ర కొంతే, మిగిలినది ముక్క పడిన తీరు. పేకాటలో ఒక ఆట పోతే వెంటనే మళ్లీ పంచుకుంటాం కనుక అదృష్టం చివరికి సర్దుకుంటుంది. ఇక్కడ ఒక ఆటకు ముప్పావు గంటో గంటో పడుతుంది కనుక, ఆఖరి నిమిషంలో ఇంకొకరికి దొరికిన ఉచిత 20 పాయింట్లు బాగానే మండిస్తాయి. అమెరికా పటంలో ఈ లోపం ఎక్కువ, ఎందుకంటే తూర్పు పడమరల పొడుగు టికెట్లు రెండు ఒకే దారి వెంట వచ్చినవాడిని పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

అమెరికా పటం గురించి మరొక మాట. నియమాల పుస్తకంలోని చిన్న ఉపోద్ఘాత కథ 1900 అక్టోబరు 2న జరుగుతుంది. అదే 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి మా గజపతి మహారాజా వారి చిన్న రైలు దారి ప్రారంభమైంది. రెండున్నర అడుగుల గేజితో, టెక్కలి, పాతపట్నం మీదుగా వచ్చే ఆ దారిని తర్వాత 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించారు, 2004లో గేజి మార్పిడి కోసం ఆపారు, 2011లో పెద్ద గేజి రైలు వచ్చింది. మా ఊళ్లో రైలు అంటే జనానికి ఉన్న మమకారం ఆ చిన్న బండి వల్ల వచ్చినదే, కాబట్టి రైళ్ల ఆట అని చెబితే బల్ల దగ్గరికి పిలవడానికి వేరే ప్రయత్నం అక్కర్లేదు. వచ్చి కూర్చున్నాక ఎదురయ్యే ఇబ్బంది పటంతోనే. డులూత్, ఒమాహా, లిటిల్ రాక్ అన్న పేర్లు ఎవరికీ ఏ జ్ఞాపకాన్నీ తట్టవు. టికెట్టు చూడగానే ఆ ఊరు పటంలో ఏ మూల ఉందో వెతుక్కోవలసి వస్తుంది, అలా వేలు పెట్టి వెతికే వేళ ఆ టికెట్టు రహస్యం బల్ల చుట్టూ తెలిసిపోతుంది. టికెట్టు మీదే చిన్న పటం అచ్చువేసి రెండు ఊళ్లనూ గుర్తించారు కనుక కొంత మేలు. ఆ గుర్తును చూసి మనసులోనే దిక్కు తెలుసుకోవడం నాలుగైదు ఆటలు ఆడితే అలవాటవుతుంది.

మా వంటి సరిహద్దు ఊళ్లలో ఒక సౌకర్యం మాత్రం ఈ ఆట మూడు పటాలకూ సమానంగా ఉంది. బల్ల మీదకు చేరేవారిలో తెలుగు మాత్రమే చదవగలిగిన పెద్దలు, బడిలో ఒడియా చదువుకుంటున్న పిల్లలు, రెండూ వచ్చిన పక్కింటివారు ఉంటారు. ముక్కల మీద వాక్యాలు రాసి ఉండే ఆటల్లో ఒకరు చదివి అందరికీ చెప్పవలసి వస్తుంది, అలా చెప్పేసరికి చేతిలో ఉన్నదేమిటో బయటపడుతుంది. ఇక్కడ ఊళ్ల పేర్లు, అంకెలు తప్ప చదవడానికి ఏమీ లేదు. రంగులను గుర్తుపట్టలేనివారి కోసం ప్రతి రంగు ముక్క మీదా, ఆ రంగు దారి గళ్లలోనూ ఒకే గుర్తు వేశారు, అది కూడా మెచ్చుకోవలసిన ఏర్పాటు. సాయంత్రం కరెంటు పోయి ఇన్వర్టరు దీపం కింద ఆడేటప్పుడు నారింజ, ఎరుపు మధ్య తేడా తెలియక ఇబ్బందిపడేవారికి ఆ గుర్తులే ఆధారం.

మూడింటిలో మొదట కొనవలసినది యూరప్ పటం. నియమాలు కొంచెం ఎక్కువే అయినా, అవన్నీ అమెరికా పటంలో నేను చెప్పిన లోపాలకు మందులు. మొదటి పంపకంలో పొడుగు టికెట్టు ఒక్కొక్కరికి ఒక్కటే వస్తుంది, అది ఉంచుకోవడమా తిప్పి ఇవ్వడమా అన్నది మన ఇష్టం, కనుక రెండు పెద్ద టికెట్లు ఒకే దారి వెంట దొరకడం అనే వరం ఎవరికీ ఉండదు. ప్రతి ఆటగాడికీ మూడు స్టేషన్లు ఇస్తారు. దారి ఇంకొకరు ఆక్రమిస్తే ఆ ఊళ్లో మన స్టేషన్ కట్టి, వారి దారిలో ఒకదాన్ని మన టికెట్టుకు లెక్కలోకి తీసుకోవచ్చు. మొదటి స్టేషన్‌కు ఒక ముక్క, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు ఖర్చవుతాయి, వాడకుండా మిగిల్చిన ఒక్కొక్క స్టేషన్‌కు 4 పాయింట్లు వస్తాయి. కొత్తగా చేరిన చిన్నవాళ్లు దారి మూసుకుపోయిందని అలిగి లేచిపోకుండా ఈ స్టేషన్లు కాపాడతాయి. పెద్దవాళ్లు కూడా అలుగుతారు, ఆ సంగతి వేరే.

యూరప్ పటంలో అసలైన రుచి సొరంగాల్లో ఉంది. కొత్తవలస నుంచి అరకు, కోరాపుట్, జయపురం మీదుగా కిరందుల్ వెళ్లే దారిలో 50కి పైగా ఉన్న సొరంగాలు దాటినవారికి, కొండలో దారి వేయడం అనుకున్న ఖర్చుతో తెమిలే పని కాదని విడిగా చెప్పనక్కర్లేదు. ఆటలో ఆ అనిశ్చితిని ఇలా పట్టుకున్నారు: సొరంగం దారికి కావలసిన ముక్కలు దించాక, కట్ట పైనుంచి మూడు ముక్కలు తిరగేస్తారు, వాటిలో మనం దించిన రంగు గాని ఇంజన్ గాని ఎన్ని పడితే అన్ని అదనపు ముక్కలు మనం చెల్లించాలి. చెల్లించలేకపోతే దించినవి చేతిలోకి తిరిగి వస్తాయి, వంతు మాత్రం పోతుంది. 110 ముక్కల్లో ఏ రంగుకైనా 12 ముక్కలు, 14 ఇంజన్లు కలిపి 26 చెల్లుబాటవుతాయి. పేకంతా కట్టలోనే ఉందనుకుని లెక్కిస్తే, మూడు తిరగేసినప్పుడు కనీసం ఒక్కటైనా తగిలే అవకాశం సగానికి మించి, సుమారు 56 శాతం ఉంటుంది. అంటే సరిగ్గా సరిపోయే ముక్కలతో సొరంగంలోకి దిగడం దుస్సాహసం, ఒకటి అదనంగా పట్టుకుని దిగడం జాగ్రత్త, రెండు అదనంగా కూడేదాకా ఆగడం పిరికితనం. అదే రంగు ముక్కలు మన చేతిలోనే ఎక్కువ చేరి ఉంటే కట్టలో మిగిలినవి తక్కువ కనుక ప్రమాదమూ కొంత తగ్గుతుంది. పేకాటలో పడిపోయిన ముక్కలను గుర్తుపెట్టుకునే అలవాటున్నవారు ఇక్కడ మిగిలినవారిపై పైచేయి సాధిస్తారు. మా బల్ల మీద మూడో ముక్క తిరగేసే క్షణానికి ఉన్న నిశ్శబ్దం ఈ ఆటలో ఇంకే సందర్భానికీ లేదు. స్టాక్‌హోమ్ నుంచి పెట్రోగ్రాడ్‌కు ఎనిమిది పెట్టెల సొరంగం ఒకటుంది, దానికి 21 పాయింట్లు. దాన్ని పూర్తిచేసినవారు ఆ రాత్రంతా దాని గురించే మాట్లాడతారు, వినక తప్పదు.

ఊళ్ల పేర్లు మాత్రం ఇక్కడ ఇంకాస్త పరీక్ష పెడతాయి. వియన్నాను ‘వీన్’ అని, కోపెన్‌హాగెన్‌ను ‘కోబెన్‌హావ్న్’ అని, ఆయా దేశాలవారు రాసుకునే తీరులోనే అచ్చువేశారు. బడిలో ఈ ఊళ్లను ఇంగ్లీషు పేర్లతో నేర్చుకున్న పిల్లలు మొదట తికమకపడి, తర్వాత పెద్దలకంటే ముందే కుదుటపడ్డారు.

భారతదేశ పటాన్ని చూసి చాలామంది ఆశపడతారు, నేనూ ఆశపడ్డాను. 1911 నాటి అవిభక్త దేశం అందులో ఉంది. కలకత్తా, మద్రాసు, బొంబాయితో పాటు కరాచీ, లాహోరు కూడా ఒకే పటంలో కనిపిస్తాయి, టికెట్టు ఎత్తగానే ఊరు ఎక్కడుందో వెతకవలసిన అవసరం మన పెద్దలకు ఉండదు. మా చిన్న రైలు దారి అప్పటికే పదకొండేళ్లుగా నడుస్తున్నా పర్లాకిమిడికి ఆ పటంలో చోటు దక్కలేదు. ప్రధాన మార్గాల ఆటలో అది సహజమే అయినా, మా ఇంట్లో ఆ లోటును ఎత్తిచూపని పెద్దమనిషి లేడు. ఈ పటానికి ఉన్న ప్రత్యేక నియమం బాగుంది: టికెట్టులోని రెండు ఊళ్లను ఒక దారిన కలిపి ఊరుకోకుండా, వేరొక దారిన కూడా కలిపి చుట్టు పూర్తిచేస్తే అదనపు పాయింట్లు వస్తాయి, అలాంటి టికెట్లు ఎన్ని ఎక్కువైతే ఆ బహుమతి అంత పెరుగుతుంది. దీనివల్ల టికెట్టు పూర్తయ్యాక కూడా ఆ ఊళ్ల మీద ఆసక్తి తగ్గదు. కాని కొనేముందు రెండు సంగతులు తెలియాలి. ఇది విడి పటం మాత్రమే, రైలు పెట్టెలు, రంగు ముక్కలు ఇందులో ఉండవు, అమెరికా పెట్టెగాని యూరప్ పెట్టెగాని ముందే ఇంట్లో ఉండాలి. రెండోది, దీన్ని నలుగురు మించి ఆడలేరు, అమెరికా, యూరప్ పటాల్లో ఐదుగురికి చోటుంది. అదే అట్ట వెనుక వైపున స్విట్జర్లాండ్ పటం అచ్చువేసి ఉంది. ఇద్దరు, ముగ్గురు మాత్రమే ఆడగలిగిన ఇరుకైన పటం అది, సొరంగాలు దండిగా ఉంటాయి. పిల్లలు చదువులకు వెళ్లిపోయి భార్యాభర్తలిద్దరే మిగిలిన ఇంటికి, నిజానికి ముందు వైపు కంటే ఆ వెనుక వైపే ఎక్కువ పనికొస్తుంది.

ఎంతమందితో ఆడితే బాగుంటుందన్న ప్రశ్నకు నా జవాబు నలుగురు. ఇద్దరితో ఆడితే పటం ఖాళీగా ఉండి ఎవరి దారి వారిదైపోతుంది, అడ్డుకోవడమనేదే అరుదు. ఐదుగురైతే వంతు తిరిగి వచ్చేసరికి తెరిచిన ముక్కలన్నీ మారిపోయి ముందు వేసుకున్న ఆలోచన పనికిరాదు, పైగా కబుర్లలో పడి ఎవరి వంతో మరచిపోవడం మామూలవుతుంది.

వస్తువు నాణ్యత విషయానికొస్తే, పెట్టెలు చిన్నవైనా గట్టిగా ఉన్నాయి, రంగుకు మూడు చొప్పున అదనంగా ఇచ్చారు కనుక మంచం కింద ఒకటి రెండు పోయినా ఆట ఆగదు. నా దగ్గరున్న అమెరికా, యూరప్ అచ్చుల్లో రంగు ముక్కలు 44 మిల్లీమీటర్ల వెడల్పు, 68 మిల్లీమీటర్ల పొడవుతో, మామూలు పేక ముక్క కంటే బాగా చిన్నగా ఉన్నాయి. పేకను అలవాటుగా విసనకర్రలా విప్పి పట్టుకునే చేతులకు ఇది చికాకు కలిగిస్తుంది, 110 ముక్కలను ఒకేసారి కలపడం కూడా అంత సులువు కాదు. అమెరికా పటం కోసం 2006లో వచ్చిన ‘1910’ అనే అనుబంధంలో ఆ ముక్కలనే మామూలు పేక పరిమాణంలో ఇచ్చారు. కొత్త టికెట్లు కూడా ఉన్న ఆ చిన్న పెట్టె అమెరికా పటం ఉన్నవారికి దాదాపు తప్పనిసరి. మా వైపు వానాకాలపు చెమ్మకు ఏ అట్ట ముక్క అయినా మెత్తబడుతుంది కాబట్టి, ముక్కలకు అదే కొలత ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని, పెట్టెను గోడ బీరువాలో కాక ఇనుప బీరువాలో ఉంచడం మంచిది.

ధర విషయంలో దాపరికం అనవసరం. రెండు పేక కట్టలు వందల్లో వచ్చే చోట ఇది వేలల్లో పడుతుంది, పర్లాకిమిడిలోగాని గుణుపురంలోగాని దుకాణాల్లో నాకు కనిపించలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే మార్గం. రేట్లు అమ్మకందారును బట్టి బాగా మారతాయి, కనుక రెండు మూడు చోట్ల పోల్చి చూడాలి. ఫోన్లో, కంప్యూటర్లో ఆడుకునే డిజిటల్ రూపం కూడా ఉంది, దాని ఖర్చు చాలా తక్కువ, పాయింట్లు అదే లెక్కిస్తుంది. డబ్బు పెట్టేముందు ఆట మన స్వభావానికి నప్పుతుందో లేదో తెలుసుకోవడానికి అది సరైన దారి. ఇంటిల్లిపాది కూర్చునే సంక్రాంతి సెలవులకు మాత్రం అట్ట పెట్టెనే తెప్పించాలి. ఒక్కటే కొనగలిగితే యూరప్, రెండోదానికి డబ్బుంటే భారతదేశ పటం. అమెరికా పటాన్ని ఎవరైనా బహుమతిగా ఇస్తే సంతోషంగా తీసుకుని, దానికి ‘1910’ను జతచేసుకోవాలి.